గేటు దగ్గర పలకరింపు

బట్టల మిల్లులో దుబాసీగా చేరిన ఏడేళ్ళలో ఆవిడకు కొరుకుడుపడని ఇంగ్లీషు మాటంటూ తగల్లేదు. మేనేజరుకు కార్మికుల భాష రాదు, కార్మికులకు మేనేజరు భాష రాదు. రెండు వైపులా ఆవిడ నోరే ఆధారం. అందుకే అద్దకం సెక్షన్లో పనిచేసే సొంత తమ్ముడితో సహా అందరికీ ఆవిడ డిక్షనరీ అక్క.

ఆ వారం అద్దకం సెక్షన్లో ఆవిరి గొట్టం పగిలి, ఒకతని చేతుల తోలు మోచేతుల దాకా ఊడి వచ్చింది. కిందటి నెల ఆ గొట్టం కిందే ఇంకొకతను ప్రాణాలు వదిలాడు. గొట్టం మార్చేదాకా పనిలోకి దిగేది లేదని తమ్ముడు భీష్మించాడు. మర్నాడు పొద్దున్నే నలభై మందిమి మాట్లాడడానికి వస్తున్నామని మేనేజరుకు అక్కతోనే కబురు పంపాడు.

మేనేజరు విన్నాడు. ఆవిడ ఎదుటే, ఫోను స్పీకర్లో పెట్టి, సెక్యూరిటీ ఆఫీసరుకు ఇంగ్లీషులోనే చెప్పాడు. "వాళ్ళని గేటు దగ్గరే గ్రీట్ చెయ్యి."

"దేంతో సార్?" అంది అవతలి గొంతు.

"ఎప్పటిలాగే," అని నవ్వాడు మేనేజరు.

అది స్వాగతం చెప్పే నవ్వు కాదని ఆవిడకు అర్థమైంది. బయట తమ్ముడు కాచుకుని ఉన్నాడు.

"ఏమన్నాడక్కా?"

"గేటు దగ్గరే పలకరిస్తారట."

"అంటే లోపలికి రానిస్తారనేగా?"

"మాటకర్థం అదేరా. రమ్మని స్వాగతం చెప్పడం."

"హమ్మయ్య. కర్రలూ గిర్రలూ ఎవరూ తేవద్దని మనవాళ్ళకి చెప్తానుండు," అని తమ్ముడు గబగబా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆవిడ పై అంతస్తు కిటికీలోంచి చూస్తూనే ఉంది. గేటు బార్లా తెరిచారు. నలభై మందీ లోపలికి రాగానే వెనక గొలుసు పడింది. చెయ్యెత్తి పలకరించబోయిన తమ్ముడి ముఖం మీద సెక్యూరిటీ ఆఫీసరు ఇనప పైపుతో కొట్టాడు. ఆ తర్వాత గోడ వారన దాక్కున్న ముప్పై మంది గార్డులు గొడ్లను బాదినట్టు బాదారు. ఒకతని మోకాలు విరిగిన చప్పుడు పైదాకా వినిపించింది. పారిపోవడానికి దారి లేదు. గేటెక్కిన వాళ్ళను కాళ్ళు పట్టి కిందికి లాగి తొక్కారు.

ఆవిడ మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. మెట్ల దగ్గరున్న ఇసుక బకెట్టు ఎత్తి, తమ్ముడి మీద పైపు లేపిన ఆఫీసరు భుజం మీద మోదింది. అతను తిరిగి కొట్టిన దెబ్బకు ఎడమ చేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. అయినా కదలకుండా తమ్ముడి మీద బోర్లా పడుకుంది. ఆవిడ కొంగంతా వాడి రక్తంతో తడిసింది.

మూడు వారాలకు కలెక్టరాఫీసులో విచారణ పెట్టారు. కంపెనీ లాయరు లేచి తాపీగా అన్నాడు. "మా మేనేజరు గారు గ్రీట్ చెయ్యమన్నారు. అంటే మర్యాదగా ఆహ్వానించమని. గార్డులు సొంతంగా రెచ్చిపోతే ఆయనేం చేస్తారు? దుబాసీ గారూ, మీరే చెప్పండి. గ్రీట్ అంటే ఏంటి?"

ఆహ్వానించడమేనంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టింది.

"పలకరించడమేనండీ. కానీ వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆ మాటకి దగ్గరికెళ్ళడం, పలకరించడం, మీద పడి కొట్టడం, అన్నీ అర్థాలే. ఇప్పటికీ పూలతో గ్రీట్ చేశారంటారు, తూటాలతో గ్రీట్ చేశారనీ అంటారు. మనం మాత్రం అనమా, లాఠీలతో పలకరించారని? పక్కన ఏది చేరిస్తే దాన్నిబట్టే ఆ పలకరింపు."

"అయితే ఆయన మనసులో ఏ అర్థం ఉందో మీకెలా తెలుసు?"

"ఆఫీసరు గారికీ తెలీకే 'దేంతో సార్' అని అడిగారు. 'ఎప్పటిలాగే' అన్నారు మేనేజరు గారు. నా చెవులారా విన్నాను."

గదిలో కలకలం రేగింది. లాయరు గొంతు పెంచాడు. "ఇంత తెలిసినావిడ తమ్ముడికి స్వాగతమని ఎందుకు చెప్పారు?"

"భయపడ్డానండీ. ఉద్యోగం పోతుందనీ, నిజం చెప్తే వాడు కర్రలు పట్టుకెళ్తాడనీ. మంచి అర్థం చెప్తే మంచే జరుగుతుందేమోనని ఓ పిచ్చి ఆశ. ఆ తప్పు నాది. అదీ రాసుకోండి."

వరండాలోకి రాగానే సెక్యూరిటీ ఆఫీసరు ఆవిడ గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఇద్దరు పోలీసులు లాగితే గానీ వదల్లేదు. ఆ సాయంత్రమే అతన్ని లోపలేశారు. రెండు రోజులకు మేనేజరును కూడా. ఆవిరి గొట్టం మార్చారు. ఆవిడ ఉద్యోగం ఊడింది.

తమ్ముడి ఎడమ కన్ను పోయింది. నెలరోజులు అక్కతో మాట్లాడలేదు. ఒకరోజు ఆవిడ గుమ్మంలో నిలబడితే తనే నోరు విప్పాడు.

"నువ్వు నిజం చెప్పుంటే కర్రలు పట్టుకెళ్ళేవాళ్ళం. ఎంతమంది పోయేవాళ్ళో."

"అంటే నామీద కోపం పోయిందా?"

"లేదు," అన్నాడు వాడు. "అక్కడే నిలబడ్డావేం? కంటి రెప్ప అతుక్కుపోయింది, కాస్త తుడిచిపెట్టు," అన్నాడు.

ఆవిడ నీళ్ళు గోరువెచ్చగా కాచి, దూది ముంచి, వంకర తిరిగిన వేళ్ళతో తుడవసాగింది. చురుక్కుమన్నప్పుడల్లా వాడు పళ్ళు బిగించాడు గానీ, ముఖం మాత్రం పక్కకు తిప్పుకోలేదు.