మెట్ల మీంచి పడ్డ పిల్లాడు

వంజరం తల తెగడానికి ఇస్రాయేలుకి రెండు దెబ్బలు చాలు. మొదటిది మెడ ఎముక మీద, రెండోది దాని కింద మిగిలిన చర్మం మీద. ఎడమ చెయ్యి చేపని బల్లకేసి అదిమి పట్టుకుంటుంది. మోచేతికీ మణికట్టుకీ మధ్య ఆ చెయ్యి కొంచెం బయటికి వంగి ఉంటుంది. మత్రా చేపల మార్కెట్టులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ అందరి చేతులకీ ఏదో ఒక గాటు ఉంటుంది.

ఆ ఉదయం ఆరున్నరకే గొడవైంది. ఐసు మోసేవాడొకడు బుట్ట తన్నుకుంటూ వచ్చి, "పక్కకి జరుగు, బతాకా లేనోడా," అన్నాడు హిందీలో. ఈ గల్ఫ్ దేశంలో ఉండడానికి పరాయివాళ్ళ చేతిలో ఉండాల్సిన కార్డుని బతాకా అంటారు. ఇస్రాయేలు కత్తి బల్ల మీద పెట్టి, ఖాళీ చేత్తో వాడి మూతి మీద ఒక్కటిచ్చాడు. వాడి పెదవి చిట్లింది. రెండోది పడేలోపు పక్క బల్ల రియాజ్ వెనకనుంచి పట్టుకున్నాడు.

"ఈపొద్దు ఆఫీసుకు పోవాల్సినోడివి గదా," అన్నాడు రియాజ్. అతనిది కడప. "రెండు గంటల దాంకా చేతులు జోబీలో పెట్టుకోని ఉండు."

ఇస్రాయేలు కుళాయి దగ్గరికి నడిచాడు. చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కత్తి తీశాడు. ఎనిమిదిన్నరదాకా డెబ్భై చేపలు కోశాడు.

అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళప్పుడు రాజోలు దగ్గరి ఊరినుంచి తల్లి మణికుమారి చంకనెత్తుకుని తెచ్చింది. వరసకి బావయ్యే గంగాధరం ఇద్దరికీ విజిట్ వీసా తీసి రప్పించాడు. పెళ్ళి చేసుకుంటానన్నాడు. చేసుకోలేదు. పగలు ఇళ్ళలో పనికి పంపేవాడు, సాయంత్రం బెల్టు తీసేవాడు. ఒకసారి ఆమె ఊరికి పోతానంటే రెండు పాస్‌పోర్టులూ గ్యాస్ స్టవ్ మీద పెట్టి అంటించాడు. ప్లాస్టిక్ అట్టలు ముడుచుకుపోతూ మండడం ఇస్రాయేలు పక్కనే నిలబడి చూశాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఈ దేశంలో ఉన్నట్టు ఏ కాగితమూ చెప్పలేదు.

ఏడేళ్ళప్పుడు తల్లికి అడ్డం వెళితే గంగాధరం ఆ చిన్న చేతిని తలుపు బద్దకి ఆనించి విరిచాడు. ఆసుపత్రిలో పిల్లాడు మెట్ల మీంచి పడ్డాడని చెప్పాడు. వాళ్ళుండే గది నేలమీదే ఉంది, దానికి మెట్లే లేవు. సంరక్షకుడన్న చోట తనే సంతకం పెట్టి, కార్డు నంబరు వేశాడు. డ్యూటీలో ఉన్న నర్సు ఫేబాది నరసాపురం. చెయ్యి చూడగానే ఆమెకి సంగతి తెలిసింది. అయినా చెప్పింది చెప్పినట్టే రాసింది.

ఆ ఏడాదే మణికుమారి పిల్లాడితో ఆ గదిలోంచి బయటపడింది. ఆమె చనిపోయి ఆరేళ్ళయింది. ఆమెను సమాధి చేసినప్పుడు చర్చి తరపున వచ్చిన ఫేబా, పక్కన నిలబడ్డవాడి వంకర చెయ్యి చూసి గుర్తుపట్టింది. మొన్న, కాగితాల్లేనివాళ్ళు దేశం వదిలిపోవాలని గడువు పెట్టినప్పుడు అతని చేత అర్జీ పెట్టించింది కూడా ఆమే. చిన్నప్పటినుంచీ ఇక్కడే పెరిగాను, పంపెయ్యకండి, అని. చేపల కొట్టు యజమాని బతాకా చేయిస్తానన్నాడు. ఇరవై ఒక్కేళ్ళ కిందటి ఆసుపత్రి కాగితం ఫేబా వెతికి పట్టుకుంది. అధికారి ఒక్కటే అడిగాడు: సంతకం పెట్టినాయన వచ్చి ఈ పిల్లాడు నువ్వేనని చెప్పాలి. అందుకు అతనిచ్చిన గడువు ఈ రోజు రెండు గంటలకి ముగుస్తుంది.

ఫేబా కారు ఖురం పేటలో గంగాధరం లాండ్రీ ముందు ఆగింది.

"నేనూ వస్తాను బాబూ," అంది.

"వద్దండి. ఆయన నాకు తెలుసండి," అన్నాడు. అతని తెలుగు తల్లి నోట విన్న తెలుగే. తల్లితో ఉన్న గది దాటితే అతను మాట్లాడింది హిందీ, అరబ్బీ.

లోపల, ఆవిరితో ఇస్త్రీ చేసే పెద్ద పెట్టె మూత తెరుచుకుని బుసకొడుతోంది. గంగాధరం ఇక్కడి మగవాళ్ళు తొడిగే పొడుగు అంగీ, తెల్లటి దిష్‌డాషా ఒకటి దాని మీద పరిచి దాని చేతుల ముడతలు సాపుచేస్తున్నాడు. అరవై దాటాయి, జుట్టు రాలిపోయింది, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి.  ఇస్రాయేలు వచ్చిన పని చెప్పాడు.

"నువ్వెవరో నాకు తెలీదు," అన్నాడు గంగాధరం, తల ఎత్తకుండా.

"ఒక్కమాట చెప్తే చాలండి. చెయ్యి ఎలా విరిగిందో చెప్పక్కర్లేదు. పిల్లాడు వీడేనని చెప్పండి."

"చెప్తే పాస్‌పోర్టులేవని అడుగుతారు. తర్వాత నన్ను లోపలెయ్యడానికా?"

"నన్ను పంపేస్తారండి. నాకక్కడ ఎవరూ లేరు."

"మీ అమ్మనడగాల్సిందిరా. ఆ రోజు డాక్టరు తలుపేసి ఒంటరిగా అడిగితే అదేం చెప్పిందో తెలుసా? మెట్ల మీంచి పడ్డాడనే చెప్పింది. కన్నతల్లే చెప్పాక ఇంక నేను చెప్పేదేటి? పో ఇక్కణ్ణించి."

ఇస్రాయేలుకి ఆ సంగతి తెలీదు. అతను కదలకుండా నిలబడ్డాడు. పొమ్మంటే పోవడంలేదని గంగాధరం బట్టలు దించే ఇనపకర్ర తీసి భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బ చెవి మీద పడింది. మూడోసారి ఎత్తిన చేతిని ఇస్రాయేలు మణికట్టు దగ్గర దొరకబుచ్చుకున్నాడు. కర్ర కింద పడింది. ఆ ముసలి చేతిని, చేపని అదిమినట్టే, తెరిచి ఉన్న పెట్టెలో ఆవిరి చిమ్మే ఇనప పలక మీద అదిమాడు. అరచెయ్యి చుయ్యిమంది. గంగాధరం అరుపు రోడ్డుదాకా వినిపించింది. అయిదు లెక్కపెట్టేంతసేపు అలాగే పట్టుకుని, ఇస్రాయేలు తనంతట తనే వదిలేశాడు. ఎవరూ విడిపించలేదు.

తలుపు తోసుకుని ఫేబా వచ్చింది. ఒకసారి ఇద్దర్నీ చూసింది. గంగాధరాన్ని కుళాయి దగ్గరికి నడిపించి చల్లనీళ్ళ కింద చెయ్యి పట్టించింది. శుభ్రమైన గుడ్డ చుట్టింది.

"ఆసుపత్రికి పదండి," అంది.

"ఆసుపత్రి తర్వాత. ముందు ఆ ఆఫీసుకే తీసుకెళ్ళు. అక్కడే చెప్తాను వీడి సంగతి," అన్నాడు గంగాధరం. పళ్ళు నూరుతున్నాడు.

అల్ ఖువైర్‌ ఆఫీసు వైపు కారు తిప్పింది ఫేబా. ముందు సీట్లో గంగాధరం మూలుగుతున్నాడు. వెనక ఇస్రాయేలు చెవినుంచి కారే రక్తాన్ని కాలరుతో అద్దుకుంటున్నాడు.

అధికారి మెత్తగా మాట్లాడే మనిషి. గుడ్డ చుట్టిన చేతినీ, రక్తపు కాలరునీ చూసి కాసేపు కలం మూసిపెట్టాడు. గంగాధరానికి లాండ్రీ నడిపేంత అరబ్బీ వచ్చు, ఆ కోపంలో అదీ రాలేదు. తెలుగులో అందుకున్నాడు. అధికారి ఇస్రాయేలు వైపు చూసి, "ఏమంటున్నాడు? మొత్తం చెప్పు," అన్నాడు. ఇస్రాయేలు అరబ్బీ మత్రాలో పుట్టినవాళ్ళ అరబ్బీలా ఉంటుంది.

"నాలుగేళ్ళప్పుడు తెచ్చాను వీణ్ణి. మూడేళ్ళు నా తిండి తిన్నాడు. ఒకసారి చెయ్యి విరిచాను, విరిచాను, లేదన్లేదు. అడ్డమొస్తే ఎవడైనా కొడతాడు. దానికి ఇన్నేళ్ళకొచ్చి నా చెయ్యి కాలుస్తాడా?" అన్నాడు గంగాధరం.

ఫేబా ఇస్రాయేలు వైపు తిరిగింది. ముసలాయన చెయ్యి పెట్టె మీద జారి కాలిందని చెప్పొచ్చు. వేగంగా చెప్తే గంగాధరానికి అర్థం కాదు. ఆమె కళ్ళతోనే అతన్ని బతిమాలింది.

ఇస్రాయేలు ఒక్కో మాటా అరబ్బీలోకి మార్చాడు. నాలుగేళ్ళప్పుడు తెచ్చాడట. చెయ్యి విరిచాడట. తర్వాత తన మాట చెప్పాడు.

"మెట్ల మీంచి పడలేదు," అన్నాడు. "అతని చెయ్యి కూడా దానంతటది కాలలేదు. నేను కాల్చాను."

అధికారి చాలాసేపు రాశాడు. "చిన్నప్పుడే వచ్చావని రుజువైంది," అన్నాడు చివరికి. "దానిమీద నాకు అనుమానం లేదు. కానీ ఈ రెండో సంగతి రాయకుండా ఉండలేను. మనిషిని కాల్చినవాణ్ణి ఉండనివ్వమని నేను పైకి రాస్తే ఎవరూ ఒప్పుకోరు." ఆ మాటన్నాక అతను ఇస్రాయేలు ముఖం చూడలేదు. ఫోను తీశాడు.

పోలీసులు వచ్చేసరికి ఒంటిగంటన్నర. గంగాధరాన్ని కూడా ఉండమన్నారు, పాస్‌పోర్టుల గురించి అడగాలన్నారు. అతను కూలబడి, కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపు చూస్తున్నాడు.

ఫేబా ఏడుస్తోంది. "జారిందని చెప్తే పోయేది కదా బాబూ," అంది.

"మా అమ్మ చెప్పిందండి అలాగ," అన్నాడు ఇస్రాయేలు. "మీరూ రాశారు. నేను కూడా ఎందుకండి?"

అందులో నిష్ఠూరం లేదు. వెళ్ళొస్తానన్నట్టు తల ఊపాడు. నడవాలో పోలీసుల మధ్య నడుస్తుంటే, రోజూ ఆ వేళకి బల్ల కడగడానికి వెళ్ళే మనిషిలాగే ఉన్నాడు. మూడు వారాల తర్వాత అతన్ని హైదరాబాదు విమానం ఎక్కించారు.

ఆ మధ్యాహ్నం ఫేబా కారు దగ్గరికి ఒంటరిగా వచ్చింది. తలుపు తియ్యగానే లోపలి వేడి ముఖాన కొట్టింది. వెనక సీట్లో, నాలుగు మడతలు పెట్టిన టిష్యూ మీద, సగం కోసిన నిమ్మచెక్క ఉంది. పొద్దున వచ్చేటప్పుడు నీచు వాసన పోవాలని దారంతా అరచేతులకి రుద్దుకున్నట్టున్నాడు. పిప్పి తప్ప ఏమీ మిగల్లేదు, అయినా తడి సీటుకి అంటకుండా బోర్లించి పెట్టాడు.