నాలుగెండలు చూసిన దుంప

రండి, ముందుకు జరగండి. చుట్టలు ఆర్పకపోయినా ఫర్వాలేదు, నోళ్ళు మాత్రం మూయండి. ఆ గోడవార గుసగుసలు ఆగితే కథ మొదలవుతుంది.

వానలు ముఖం చాటేసిన ఆ ఏడు నందిగామ పక్క కాసిన ఎండ ఇంతా అంతా కాదు. మునేటిలో చేపలు గట్టెక్కి, జగ్గయ్యపేట దారిన పోయే బండివాళ్ళని మంచినీళ్ళు అడిగాయి. కాకులు ఎగరడం మానేసి ఎద్దుల నీడన నడిచి వెళ్ళేవి.

అలాంటి కరువులో దశరథరామయ్య చేలో నాలుగు సాళ్ళు పచ్చగా నిలిచాయి. సర్కారు గ్రామసేవకుడు వేసి చూడమని ఇచ్చిన రెండు రకాల బంగాళాదుంపల్లో తెల్లతోలుది బావి ఎండిన వారానికే వాలిపోయింది. ఎర్రతోలుది నెల్లాళ్ళు చుక్క నీరు లేకున్నా తలెత్తుకునే ఉంది. తవ్వితే నిమ్మకాయలంత దుంపలు, తట్టెడు. జొన్న పోయింది, కంది పోయింది. కార్తీకంలో ఈ తట్టెడూ మళ్ళీ మొలిస్తేనే తన ఇంట పొయ్యి వెలుగుతుందని అతనికి తెలుసు.

చల్లటి చోట ఇసకలో పరిచి ఉంచమన్నాడు గ్రామసేవకుడు. దశరథరామయ్య నవ్వుకున్నాడు. విత్తనానికి ఎండ చూపించకుండా దాచేవాడు రైతేనా? జొన్నలకి చేసినట్టే నాలుగెండలు ఆరబెట్టాడు. బూడిద, వేపాకు కలిపి కాగులో పోసి, మూతి పేడతో మెత్తాడు. మెత్తిన విత్తనాల కాగు విత్తే రోజుదాకా విప్పకూడదని ఆ ఇంటి కట్టుబాటు.

శ్రావణానికి ఇంట్లో జొన్న నూకలే మిగిలాయి. తల్లి రత్తమ్మకి పళ్ళు లేవు.

"సంకటి గొంతు దిగట్లేదురా అబ్బాయ్. ఒక్క దుంప ఉడకేసి, ఉప్పద్ది పెట్టరా."

"ఒక్కటి తీస్తే ఒక మొక్క పోయినట్టేనమ్మా. పైరొచ్చాక తట్టెడు పెడతా."

"అయితే వద్దులే," అంది రత్తమ్మ.

మళ్ళీ అడగలేదు. పొద్దున్నే వెళ్ళి కాగు మీద చెయ్యి వేసి చూసి వచ్చేది, అంతే. దశరథరామయ్య అటు చూడకుండా తల తిప్పుకునేవాడు. భాద్రపదంలో ఒకరోజు రత్తమ్మ ఆ కాగు పక్కనే కూలబడింది. మరి లేవలేదు.

పోయినవాళ్ళు ఇష్టపడి అడిగింది పెద్దకర్మ నాడు వండి పెట్టాలి. కట్టుబాటు గిట్టుబాటు ఏమీ చూడలేదు దశరథరామయ్య. నలుగురి ముందూ కాగు తెచ్చి, మూతి మీద పేడ పగలగొట్టాడు. వాసనకి జనం వెనక్కి జరిగారు. లోపల నల్లటి చీము, బూడిద, పురుగులు. మోచేతి దాకా దింపి అడుగంతా దేవాడు. గట్టిది ఒక్కటన్నా తగల్లేదు. భార్య సీతారావమ్మ ఉప్పు పెట్టిన ఆకు పట్టుకుని అలాగే నిలబడింది.

ఆఖరికి కొట్టు అచ్చయ్య ముక్కుకి అడ్డం పెట్టుకున్న కండువా తీసి, అతని భుజం తట్టాడు.

"పోన్లే దశరథం. బంగాళాదుంప వాతం. అమ్మకి అసలే మోకాళ్ళ నొప్పులాయె."