ఊఁ కొట్టేవాళ్ళు

ఆ శనివారం మధ్యాహ్నం బడికి బయల్దేరేటప్పుడే యలమందయ్య ఒక సంగతి తేల్చుకున్నాడు. ఈ పూట పిల్లలకు కథ చదవడం అయిపోగానే జ్యోతిర్మయికి చెప్పేయాలి, అమ్మా, ఈ పని నా వల్ల కావడం లేదు, వచ్చే వారం నుంచి రాను అని. దారిలో ఆ మాటనే రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాడు. ఎట్లా అనుకున్నా చివరికి ఆ అమ్మాయి మొహం చిన్నబోవడమే కళ్ళకు కట్టింది.

జ్యోతిర్మయి ఆ ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్. చిలకలూరిపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. బళ్ళలో మధ్యాహ్న భోజనం మొదలైన ఏడాదే ఆ బడికి రెండు పెట్టెల నిండా బొమ్మల పుస్తకాలు కూడా వచ్చాయి. చిరిగిపోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో పెట్టెలకు తాళం వేసి అట్టేపెట్టేవాళ్ళే ఎక్కువ. ఆమె మాత్రం వరండా చివర ఉన్న చిన్న గదికి వెల్ల వేయించి, గోడ పొడవునా తాళ్ళు కట్టి, బట్టలు ఆరేసినట్టు పుస్తకాలన్నీ వాటి మీద వేలాడదీసింది. తలుపు మీద రంగు సుద్దతో లైబ్రరీ అని రాసింది. ఆ తరవాత యలమందయ్య ఇంటికి వచ్చి, బాబాయిగారూ, మీరు బియ్యే చదివారు, ఇంటిపట్టునే ఉంటున్నారు, గొంతు బాగుంటుందని అందరూ అంటారు, శనివారాలు వచ్చి పిల్లలకు ఒక కథ చదివి వినిపించండి అని అడిగింది.

గొంతు సంగతి ఆమెకు ఎవరు చెప్పారో గాని అది పాత మాట. పేటలో జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పని చేసినన్నాళ్ళూ ఆయన సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా మీది దూదిపింజలు దులుపుకుని, కాళ్ళు కడుక్కుని, వారపత్రికలో సీరియల్ భార్యకు చదివి వినిపించేవాడు. బసవమ్మకు అక్షరాలు రావు. ఆమె పోయాక పత్రిక వేయడం మాన్పించేశాడు. ఒంటరి ఇంట్లో రోజంతా గొంతు విప్పాల్సిన పనే పడేది కాదు. ఎప్పుడైనా ఎవరైనా పలకరిస్తే మొదటి మాట గొంతులోంచి గరగరమంటూ వచ్చేది.

అయినా ఆ అమ్మాయి అడిగిందని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గాని కుదరలేదు. పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చి చదువుతున్నాడు, పిల్లలు గోల చేస్తే బాగుండదని జ్యోతిర్మయి వాళ్ళకు గట్టిగా చెప్పి ఉంచింది. ఆయన గదిలోకి అడుగు పెట్టగానే అందరూ బాసింపట్లు వేసుకుని, కుడిచేతి చూపుడువేలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్ళు. గోడకు నిశ్శబ్దం అని రాసిన అట్ట కూడా ఒకటి వేలాడుతూ ఉండేది. ఆయన చదివేవాడు. ఒక వాక్యం అయ్యాక కాస్త ఆగేవాడు, ఎందుకు ఆగుతున్నాడో ఆయనకే తెలియదు. ఎదురుగా ఏ చప్పుడూ ఉండేది కాదు. రెండో వాక్యానికి గొంతు ఎండేది, మూడోదానికి పంక్తి తప్పేది. పిల్లల మొహాల్లో ఏముందో వేళ్ళ వెనక కనపడేది కాదు. వీళ్ళకు నా చదువు నచ్చడం లేదని ఆయనకు రూఢి అయిపోయింది.

ఇది చాలదన్నట్టు బియ్యం గొడవ ఒకటి వచ్చింది. భోజనాల బియ్యం బస్తాలు వరండాలో పెడితే ఎలుకలు కొట్టేస్తున్నాయి. తలుపులున్న గది ఒకటి ఉందిగా, అందులో వేయించండి అని మండలం నుంచి వచ్చిన అధికారి చెప్పి వెళ్ళాడు. పిల్లలు ఈ గదికి అలవాటు పడితే ఏదో ఒకటి చెప్పి ఆపుతాను బాబాయిగారూ, లేకపోతే పుస్తకాలు మళ్ళీ పెట్టెల్లోకే అని జ్యోతిర్మయి కిందటి వారం దిగులుగా అన్నది. ఆ మాట విన్న దగ్గరనుంచి ఆయనకు మనసు మనసులో లేదు. తన మొద్దుబారిన గొంతు వల్లే ఆ గది పోతుందేమో. తను తప్పుకుంటే ఆమె ఇంకెవరినైనా తెచ్చుకుంటుంది.

మిరపకాయల కాలం అది. ఊరి చుట్టూ ఏ కల్లం చూసినా ఎర్రగా పరిచిన కాయలే. గాలి ఇటు తిరిగితే చాలు, బడి అంతా ఒక్కసారి తుమ్మేది. పిల్లలు కూడా పల్చబడ్డారు. పెద్దపిల్లల్ని ఇళ్ళవాళ్ళు కల్లాలకు తీసుకుపోతున్నారు. లైబ్రరీ గదిలో ఆ రోజు సగం చాప ఖాళీగానే ఉంది.

యలమందయ్య తాడు మీంచి ఒక పుస్తకం తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. బస్సెక్కిన మేక కథ. యజమాని మేకపిల్లను పొద్దున్నే సంతకు తోలుకుపోయాడు. దాన్ని వెతుక్కుంటూ తల్లి మేక రోడ్డు మీదికి వచ్చింది. ఆయన చదివాడు, ఆగాడు. వేళ్ళు నోళ్ళ మీదే ఉన్నాయి. ఐదో తరగతి అక్బర్ కళ్ళు మాత్రం మిలమిలలాడుతున్నాయి. యలమందయ్య మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. పంక్తి ఎక్కడుందో దొరకలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి సుబ్బరావమ్మ వచ్చింది. నాలుగో తరగతి శ్రీరమ్యకు నాయనమ్మ. తెల్లారితే లారీ వస్తుందనీ, తాలుకాయలు ఇంకా ఏరనే లేదనీ, రంగు తప్పిన కాయ ఒక్కటి కనపడినా మిర్చి యార్డులో ధర కోసేస్తారనీ, మనిషి సాయం చాలక పిల్లను తీసుకుపోవడానికి వచ్చాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. జ్యోతిర్మయి వరండాలోంచి లేచి వచ్చి, కథ మధ్యలో ఉంది పెద్దమ్మా, అయిపోగానే తీసుకెళ్ళు అని బతిమాలింది. సుబ్బరావమ్మ గొణుక్కుంటూనే గడప పక్కన చతికిలబడి కాళ్ళు బారజాపింది. కారం అంటిన చేతులు ఒంటికి తగలకుండా రెండూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుంది.

యలమందయ్యకు పంక్తి దొరికింది. "ఎర్రబస్సు వచ్చి ఆగింది. మేక అటూ ఇటూ చూసి, మనుషుల వెనకే బస్సెక్కింది" అని చదివాడు.

"ఊఁ" అంది సుబ్బరావమ్మ.

ఆయన చటుక్కున తలెత్తాడు. పిల్లలు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఆమె తనేదో అన్నట్టు కూడా అనుకోలేదు. గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది.

"కండక్టరు దాని దగ్గరికి వచ్చి, టిక్కెట్టు అన్నాడు."

"ఊఁ. ఎవర్నీ, మేకనే?"

ఎవరో కిసుక్కుమన్నారు. జ్యోతిర్మయి గుమ్మం అవతలనుంచి, పెద్దమ్మా, ఇక్కడ మాట్లాడకూడదు అని మెల్లగా అన్నది. సుబ్బరావమ్మ ఆమెను తెల్లబోయి చూసింది.

"అదేందమ్మా, కథ చెబుతా ఉంటే ఊఁ కొట్టకుండా ఎట్టా? ఆయన గోడకి చెప్పుకుంటన్నాననుకోడూ?"

యలమందయ్య కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. బసవమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఊఁ కొట్టేది. సాగించమనే ఊఁ ఒకటి. నేను నమ్మనులే అనే ఊఁ ఒకటి. సీరియల్లో అత్తగారు నోరు జారినప్పుడు ముక్కులోంచి ఇంకోటి. ఆ చప్పుడు ఆగిపోయిందంటే ఆమెకు కునుకు పట్టిందని అర్థం, ఆయన పత్రిక మడిచేసేవాడు. వాక్యం చివర తను దేనికోసం ఆగుతున్నాడో ఆయనకు ఇప్పటికి తెలిసింది.

"మాట్లాడనీ అమ్మా," అన్నాడు జ్యోతిర్మయితో. తరవాత పిల్లల వైపు తిరిగి, "వేళ్ళు దించండర్రా. నేను చదువుతాను, మీరు ఊఁ కొట్టండి" అన్నాడు.

పిల్లలు టీచరు మొహం చూశారు. ఆమె హాజరు పట్టీలోకి తల వంచుకుంది. అక్బరే ముందు వేలు తీశాడు.

"కండక్టరుకు ఎటూ తోచలేదు. మేకకు ఫుల్ టిక్కెట్టు కొట్టాలా, హాఫ్ టిక్కెట్టు కొట్టాలా?"

"ఊఁ," అన్నారు నలుగురైదుగురు, దొంగతనంగా.

"హాఫే తాతా, పొట్టిదిగా," అన్నాడు అక్బర్.

"పిల్లతల్లికి హాఫ్ టిక్కెట్టేందిరా? ఫుల్లే," అని తీర్పు చెప్పింది సుబ్బరావమ్మ.

గది గొల్లుమంది. మేకలకు అసలు లగేజీ కిందే కొడతారని ఒక పిల్ల, వాళ్ళ మామయ్య కోడిని సంచీలో పెట్టి ఊరికే తీసుకొచ్చాడని ఇంకో పిల్ల అందుకున్నారు. యలమందయ్య ఆ తగువు తేలేదాకా ఆగి, మళ్ళీ అందుకున్నాడు. ఇప్పుడు వాక్యం వెనక వాక్యం దానంతట అదే వస్తోంది. కండక్టరు గొంతు ఒకలాగా, డ్రైవరు గొంతు ఒకలాగా పలుకుతోంది. సన్నవీ లావువీ, తొందరపడేవీ ఆలస్యంగా వచ్చేవీ, ఊఁలు చాప మీంచి లేస్తున్నాయి. వరండాలో హాజరు వేసుకుంటున్న జ్యోతిర్మయి కూడా ఒకచోట ఊఁ అని, నాలుక కరుచుకుంది.

మేక సంతలో దిగింది. సంత నిండా మేకపిల్లలే. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అది నడిమధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా అరిచింది.

ఈసారి ఎవరూ ఊఁ కొట్టలేదు. ఇది వేరే నిశ్శబ్దమని యలమందయ్యకు తెలుసు. ఆయన తొందరపడలేదు.

"దూరంగా, ఒక బండి కిందనుంచి, సన్నగా ఒక గొంతు బదులు పలికింది."

"హమ్మయ్య," అంది శ్రీరమ్య, ముందుకు వంగి.

సుబ్బరావమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, వెంటనే కెవ్వుమంది. కారపు చేతులు. పిల్లలు పరుగెత్తుకెళ్ళి ముంతతో నీళ్ళు తెచ్చారు. ఆమె మొహం కడుక్కుంటూ, కాయ ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయే తప్ప మరేం లేదని ఎవరూ అడగకుండానే అందరికీ చెప్పింది.

అందరూ లేచారు. సుబ్బరావమ్మ మనవరాలిని మోచేత్తో ముందుకు తోసింది గాని తను కదల్లేదు. "అన్నయ్యగారూ, కల్లంలో మావోళ్ళకి నేను చెప్తే ఇంత బాగా రాదు. ఆ పుస్తకం పిల్లకి ఇవ్వండి. అది చదువుద్ది, మేం ఏరుకుంటాం" అంది.

యలమందయ్య జ్యోతిర్మయి వైపు చూశాడు. ఆ పుస్తకాలు అంతవరకు బడి గడప దాటలేదు. ఆమె పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇస్తాను పెద్దమ్మా. కానీ పుస్తకం పట్టుకున్న చెయ్యి కాయ ముట్టుకోకూడదు. మరకలైతే నేను ఒప్పుకోను."

సుబ్బరావమ్మ లెక్క వేసుకుంది. ఒక జత చేతులు తగ్గుతాయి. "సరేలే, కథ వింటా ఉంటే మిగతావోళ్ళు నిద్రపోకుండా ఏరతారు," అని ఒప్పుకుంది. శ్రీరమ్య తన అరచేతులు రెండూ ఒకసారి చూసుకుని, గౌనుకు శుభ్రంగా తుడుచుకుని పుస్తకం అందుకుంది.

వాళ్ళు వెళ్ళాక యలమందయ్య కుర్చీలోంచి లేచాడు. ఇక రానని చెప్పదలుచుకున్న మాట నాలుక చివరిదాకా రాలేదు, ఎక్కడికి పోయిందో. జ్యోతిర్మయి గోడ మీది నిశ్శబ్దం అట్ట విప్పి, దులిపి, పక్కన పెట్టింది.

"బియ్యం బస్తాలు ఇక్కడే వేయిద్దామనుకుంటున్నా బాబాయిగారూ, ఆ వెనక గోడకి," అంది. "పిల్లలు ఆనుకుని కూర్చోవచ్చు. బియ్యం బియ్యమే, పుస్తకాలు పుస్తకాలే. గది సరిపోతుంది."

"సరిపోతుంది," అన్నాడాయన. "వచ్చే వారానికి కాస్త పెద్ద కథ చూసిపెట్టమ్మా."

పొద్దు వాలుతుండగా ఆయన పాల కోసం బయటికి వచ్చి, మామూలు దారి వదిలి కల్లాల వైపు నడిచాడు. సుబ్బరావమ్మ వాళ్ళ కల్లంలో ఆడవాళ్ళు ముక్కులకు పైటచెంగులు కట్టుకుని, కాయల రాశి చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. నింపిన బస్తా ఎక్కి శ్రీరమ్య కూర్చుంది. పుస్తకాన్ని పళ్ళెంలా రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతోంది. చెంగుల వెనకనుంచి ఊఁలు వస్తున్నాయి.

అంతలో గాలి తిరిగింది. ఘాటు పైకి లేచి ఆడవాళ్ళంతా ఒక్కపెట్టున దగ్గడం, తుమ్మడం మొదలుపెట్టారు. శ్రీరమ్య వాక్యం పూర్తి చేసి తలెత్తింది. బదులు రాలేదు. పిల్ల గొంతు తడబడింది, చూపు పంక్తి మీద ఆగిపోయింది.

ఇన్నేళ్ళూ యలమందయ్య చదివేవాడే గాని వినేవాడు కాదు. పాలగిన్నె చంకలో పెట్టుకుని, ముక్కు నలుపుకుంటూ, రోడ్డు మీద నిలబడే, గట్టిగా ఊఁ అన్నాడు.

శ్రీరమ్య అటు చూసి నవ్వి, పేజీ తిప్పింది.