ఐరేని కుండ పగలగొట్టిన జపాను కుమ్మరి

పదకొండు దేశాలు తిరిగి ఎక్కడా ఒక్క దెబ్బైనా తినని కుమ్మరి ఎవడయ్యా అంటే జపాను కెంజిరో. సొంతూళ్లో నలభై ఏళ్లు కుండల ఆవం కాల్చి గురువనిపించుకున్నాక, పరదేశాల కుమ్మరి సారెలు చూడాలని బయలుదేరాడు. కొరియా, బర్మా అన్నీ దాటుకుని 1979 ఎండాకాలంలో పరకాల పక్క ఊళ్లో కుమ్మరి కట్టయ్య ఇంట్లో దిగాడు.

ఆయనకొక నియమం. తాను చేసిన కుండలో వెంట్రుకంత బీట ఉన్నా, అక్కడికక్కడే సుత్తితో పగలగొట్టాలి. కట్టయ్యకు అది ముచ్చటగానే ఉండేది, రాయమల్లు పటేలు బిడ్డ పెళ్లిదాకా.

పెళ్లింట పూజలందుకునే ఐరేని కుండల కోసం రాయమల్లు, ఆయన చుట్టాలు డప్పులతో కట్టయ్య వాకిటికి వచ్చారు. ఐదింట్లో ఒకటి కెంజిరో చేసింది. పెళ్లికూతురి మేనత్త మొగిలమ్మ దాన్ని ఎత్తుకోబోతే గాజులు తగిలి కుండ బొంగురుగా మోగింది. బీట ఉన్న కుండే అలా మోగుతుంది. కెంజిరో చెవి నిక్కింది. కుండ లాక్కుని సుత్తితో ఒక్కటే వేటు! పెంకులు మొగిలమ్మ పాదాలను కోశాయి.

డప్పులు ఆగిపోయాయి. నలుగురిలో అలా కుండ పగిలేది శవం దగ్గరే. అది కట్టయ్యకు తెలుసు, కెంజిరోకు తెలియదు.

"నా బిడ్డకు పాడె కడ్తాండురా వీడు!" రాయమల్లు మీదపడ్డాడు.

ఒక్క దెబ్బా తినలేదన్నానా? ఆ మాట చెరిపేసుకోండి. పదకొండు దేశాల్లో తప్పినవన్నీ ఆ వాకిట్లోనే పడ్డాయి. కనుబొమ చీలింది, రెండు పళ్లు రాలాయి. ఇద్దరు ఆయన కుడిచేతిని సారె మీద అదిమిపెట్టారు. రాయమల్లు రోకలెత్తాడు.

ఆ చెయ్యి పోతే ఈ మనిషి బతికీ దండగే అని కట్టయ్యకు అనిపించింది. "వద్దు పటేలా!" అంటూ తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక ఫట్టున విరిగింది.

విరిగిన చెయ్యి పట్టుకునే కట్టయ్య నవ్వాడు. "మీ ఇంటి ఐరేని నా సారె మీదనే పుట్టాలె, ఇంకో కుమ్మరి ముట్టడు. నా చెయ్యి పాయె. ఆయనది గూడ ఇరగ్గొట్టు. ఇగ ప్లాస్టిక్ బిందెలకు పూజ చేస్కో!"

రోకలి దిగింది గానీ రాయమల్లు దాన్ని వదల్లేదు. "ఇంకొక్కటి పగిలెనా, ఈపారి తలకాయె."

అపశకునమని లగ్నం పదిరోజులు వెనక్కి జరిపారు. కెంజిరో వాచిన మొహంతోనే ఐదూ కొత్తగా చేశాడు. ఆవం విప్పిననాడు రాయమల్లు రోకలితోనే వచ్చాడు. తట్టి చూస్తే ఐదో కుండ మళ్లీ బొంగురు! కెంజిరో సుత్తి అందుకున్నాడు. రాయమల్లు రోకలి లేచింది.

కట్టయ్య అడ్డం పడలేదు. కట్టుకట్టిన చెయ్యి ముందుకు చాపాడు. "గురువా, ఇది గూడ బీటదే. దీన్ని గూడ పగలగొడ్తవా?"

ఆ మాటల్లో కెంజిరోకు ఎన్ని అర్థమయ్యాయో గానీ, ఆ చేతినే చాలాసేపు చూశాడు. సుత్తి కింద పెట్టి, బీట మీద తానే తెల్లటి సున్నం పట్టె దిద్దాడు. పెళ్లి జరిగింది.

కాజీపేట స్టేషన్‌లో కెంజిరో రైలెక్కుతుంటే రాయమల్లు ఆయన కాళ్లు పట్టుకుని భోరుమన్నాడు. కథలో ఈ ఏడుపొక్కటే నేను కల్పించింది. రాయమల్లు స్టేషన్‌కు రానేలేదు.