బయట వేసిన తాళం

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌కి వంటంటే ఇరవై నిమిషాల పని. భార్య పోయిన కొత్తలో అదే రెండు గంటలు పట్టేది. అన్నం అయితే పలుకు, లేకపోతే ముద్ద. రెండేళ్ళలో చెయ్యి తిరిగింది. ఆదివారం పొద్దున్నే కూర్చుని వారానికి సరిపడా కూరగాయలు తరిగేవాడు, గుడ్లూ బంగాళాదుంపలూ ఉడకబెట్టేవాడు, చిక్కుడు గింజలు మెత్తగా వండి డబ్బాల్లో సర్దేవాడు. మూతల మీద వారాల పేర్లు పెద్దమ్మాయి చేత రాయించేవాడు. ఇక సాయంత్రం ఒక పొయ్యి మీద అన్నం, రెండో దాని మీద ఆనాటి డబ్బాలోది ఉల్లిపాయతో వేయించడం, అంతే. పిల్లలు కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చేసరికి కంచాలు సిద్ధంగా ఉండేవి.

చిక్కంతా వంటకి ముందున్న గంటన్నరతోనే. నాలుగున్నరకి పని మధ్యలో వెళ్ళి ఇద్దర్నీ స్కూలు నుంచి ఇంటికి చేర్చి, మళ్ళీ పనికి పరుగెత్తేవాడు. తిరిగి వచ్చేసరికి ఆరు. పెద్దదానికి పదేళ్ళు, బుద్ధిమంతురాలు. చిన్నవాడికి ఐదు. బోడితలతో పుట్టాడని గుండు అన్నారు, జుట్టొచ్చాక కూడా ఆ పేరే నిలిచిపోయింది. వాడి కాలు ఒక చోట నిలవదు. ఒకరోజు అక్క స్నానానికి వెళ్ళగానే తలుపు తీసుకుని బంతి కోసం రోడ్డు మీదికి పోయాడు. వ్యాను నడిపే మనిషి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ మర్నాటి నుంచి మెకానిక్ పిల్లల్ని లోపల పెట్టి బయట తాళం వేసి వెళ్ళడం మొదలుపెట్టాడు.

పక్క వాటాలో బట్టలు కుట్టే పెద్దావిడ ఒకామె ఉంది. పిల్లలు ఆమెని కుట్టమ్మమ్మ అంటారు. నాలుగు నెలల కిందట ఆవిడ మెట్ల దగ్గర నలుగురి ముందూ, పిల్లల్ని అలా బంధించి వెళ్ళడం తప్పు నాయనా, ఏదైనా జరిగితే ఎవరు తలుపు తీస్తారు అంది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ. మీ కుట్టుపని మీరు చూసుకోండి పిన్నిగారూ, నా పిల్లల సంగతి నాకు తెలుసు అనేశాడు. అప్పట్నుంచి మాటల్లేవు. ఎదురుపడితే అతను సెల్‌ఫోన్ చూసుకునేవాడు, ఆవిడ గోడ చూసేది.

ఆ రోజు పిల్లల్ని ఇంట్లో దింపి, తాళం వేసి, మెట్లు దిగుతుండగానే ఫోన్ వచ్చింది. ఊరి ఆ కొసన ఒక పన్నెండంతస్తుల భవనంలో లిఫ్టు ఆగిపోయిందట. వెళ్ళి చూస్తే గంటలో తేలే పని కాదు. ఏడవుతుంది, ఆకలేస్తే బ్రెడ్డు తినండి అని పిల్లల దగ్గర ఉంచిన పాత సెల్‌ఫోన్‌కి చేసి చెప్పాడు. సరే నాన్నా అంది పెద్దది. బ్రెడ్డు నిన్ననే అయిపోయిన సంగతి ఆ పిల్ల చెప్పలేదు, అతనికి గుర్తు రాలేదు.

ఆరుంబావుకి మళ్ళీ ఫోన్ మోగింది. అతను పైకప్పు మీద మోటారు గదిలో ఉన్నాడు.

"నాన్నా, పొయ్యి ఆరిపోయింది. లైటరుతో మళ్ళీ వెలిగించనా?"

అతని చేతిలోని పానా కింద పడింది. పొయ్యి దగ్గరికి ఎందుకు వెళ్ళావని అడగడానికి నోటిదాకా వచ్చిన మాటని మింగేశాడు.

"వద్దు తల్లీ. లైటరు నొక్కొద్దు. మెల్లిగా గట్టు మీద పెట్టెయ్యి. పెట్టావా?"

పెట్టానంది. గుండు ఆకలని ఏడుస్తుంటే అన్నం వండాలనుకుంది. రోజూ చూస్తున్నదే కదా. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి లెక్కలు చేసుకుంటూ కూర్చుంది. గంజి పొంగి మంట ఆరిపోయింది. ఎంతసేపైందో తెలియదు. ఇల్లంతా వాసనగా ఉందట, గుండుకి కడుపులో తిప్పుతోందట.

పొయ్యి మర తిప్పి ఆపమన్నాడు.

"చేతిలోకి ఊడొచ్చేసింది నాన్నా."

మూడు నెలలుగా ఆ మర వదులుగా ఉంది. తనైతే పట్టకారుతో లోపలి పుల్ల పట్టుకుని తిప్పేవాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసేవాడికి తన ఇంటి పొయ్యి మర మార్చే తీరిక దొరకలేదు. గట్టు కింద సిలిండర్ మీదున్న రెగ్యులేటరు మర తిప్పి చూడమన్నాడు. పిల్ల మూలుగు, దగ్గు వినిపించాయి. అది బిగుసుకుపోయింది, తిరగడం లేదు. ఇంకొక్కసారి అనబోయి ఆగిపోయాడు. ఆ గ్యాసు నేలకి దిగి పరుచుకుంటుంది. పిల్ల ఇప్పుడు నేల మీద కూర్చుని ఉంది.

"వదిలెయ్యి. లేచి నిలబడు. వంటింటి కిటికీ తెరువు. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు, ఫ్యాను తిరుగుతుంటే తిరగనీ. తమ్ముణ్ణి తీసుకుని బాల్కనీలోకి పో. వెళ్ళాక ఆ తలుపు మూసెయ్యి."

వెళ్ళింది. తలుపు మూసిన చప్పుడు, గుండు ఏడుపు, కింద రోడ్డు మీద హారన్లు వినిపించాయి. బాల్కనీ రెండో అంతస్తులో ఉంది. అక్కడి నుంచి బయటపడే దారి లేదు. తాళంచెవి అతని జేబులో ఉంది. ఇంకోటి ఎవరి దగ్గరా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఫ్రిజ్. దాన్ని ఎవరూ నొక్కక్కర్లేదు. దానంతటదే టక్కుమని మొదలవుతుంది. లోపల ఒక్క చిన్న నిప్పురవ్వ చాలు. కరెంటు పనిలో బతికేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పనవసరం లేదు.

"తల్లీ, నేను ఫోన్ పెట్టేసి కుట్టమ్మమ్మకి చేస్తాను."

"పెట్టెయ్యకు నాన్నా."

"పెట్టకపోతే ఆవిడకి చెప్పలేను. తమ్ముణ్ణి గట్టిగా పట్టుకో. బయల్దేరుతున్నాను."

ఫోన్ పెట్టేశాడు. తన జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మొదటిసారి కుట్టమ్మమ్మ ఎత్తలేదు. కుట్టుమిషను చప్పుడులో వినపడి ఉండదు. లిఫ్టు తనే విప్పి పెట్టాడు కాబట్టి పన్నెండంతస్తులూ మెట్ల మీదే దిగాలి. ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతూ మళ్ళీ చేశాడు. తొమ్మిదో అంతస్తు దగ్గర ఆవిడ పలికింది. మంచీ చెడూ అడగకుండా నేరుగా విషయం చెప్పాడు. కింద మీటర్ల గదిలో మా ఇంటి మెయిన్ స్విచ్ దించాలి పిన్నిగారూ, మా తలుపు దగ్గరికి మాత్రం వెళ్ళకండి, గంట నొక్కకండి అన్నాడు. ఏది మీదో నాకెలా తెలుస్తుంది అని అడిగింది ఆవిడ. వాటి మీద నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి.

"తెలియకపోతే అన్నీ దించెయ్యండి."

"సరే. నువ్వు నిదానంగా బండి నడుపు," అంది. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. రెండంతస్తులు దిగాలంటే పది నిమిషాలు పడుతుందని అతనికి తెలుసు. బండి మీద కూర్చున్నాక ఫోన్ చూసే వీలు లేదు. దారిలో మూడు చోట్ల ఎర్రలైటు పడింది. రెండోచోట ఎదురుగా ఎవరో కొట్టు షట్టరు దభాలున దించితే, ఆ చప్పుడికి తమ వీధివైపు తల తిప్పి చూశాడు. ఒక అగ్నిమాపక బండి గంట కొట్టుకుంటూ దాటిపోయింది. అది తన వీధివైపు తిరుగుతుందేమోనని మలుపు వరకూ చూశాడు. తిరగలేదు.

వీధి చివరికి వచ్చేసరికి తమ భవనం ఒక్కటే చీకటిగా కనిపించింది. చీకటిని చూసి ఒక మనిషికి అంత ప్రాణం లేచొస్తుందని అప్పుడే తెలిసింది.

మీటర్ల గది ముందు ఏడెనిమిది మంది గుమిగూడి ఉన్నారు. లోపల కుట్టమ్మమ్మ మెయిన్ స్విచ్‌ల పలకకి వీపు ఆనించి నేల మీదే చతికిలబడి ఉంది. మూడో అంతస్తులో ఉండే ట్యూషన్ మాస్టారు, పిల్లలకి పాఠం మధ్యలో ఆగిపోయిందట, తన స్విచ్ ఒక్కటీ ఎత్తుకుంటానని ముందుకి వంగాడు.

"ముందు నా మీద చెయ్యి వేసి, తర్వాత దాని మీద వెయ్యండి," అంటోంది ఆవిడ. ఆయన వెనక్కి తగ్గాడు.

మెకానిక్ ఆగలేదు. మెట్లెక్కి, కదిలితే ఎక్కడ నిప్పు రాలుతుందోనన్నట్టు తాళం తీశాడు. లోపల వాసన గుప్పుమంది. ఊపిరి బిగబట్టి వంటింట్లోకి పోయి సిలిండర్ మర తిప్పాడు. అతని చేతికి కూడా రెండోసారికి గాని అది తిరగలేదు. కిటికీలన్నీ బార్లా తెరిచి బాల్కనీ తలుపు తీశాడు.

పిల్లలిద్దరూ ఓ మూల ఆరేసిన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. గుండు అక్క ఒళ్ళో నిద్రపోయాడు. పెద్దది వాడి చొక్కా పిడికిట్లో పట్టుకుని ఉంది. తండ్రిని చూశాక కూడా ఆ పిడికిలి వదల్లేదు.

"కొట్టకు నాన్నా. వాడికి ఆకలేసింది," అంది.

అతను ఇద్దర్నీ కలిపి ఎత్తుకుని పక్క వాటాలోకి నడిచాడు.

గంటకి గాని వాసన పోలేదు, ఆ తర్వాతే కరెంటు వేశారు. పొయ్యి జోలికి వెళ్ళలేదు. ఫ్రిజ్‌లోంచి గురువారం డబ్బా తెచ్చి, ఉడికిన గుడ్లూ దుంపలూ చిదిమి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి కలిపాడు. కుట్టమ్మమ్మ తన ఇంట్లో ఉన్న అన్నం పెట్టింది. బట్టలు కత్తిరించే బల్ల మీద ముక్కలు పక్కకి జరిపి నలుగురూ తిన్నారు. గుండు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. పెద్దది మెతుకులు కెలుకుతూ కూర్చుంది.

తప్పు నాదే పిన్నిగారూ అన్నాడు మెకానిక్, తల ఎత్తకుండా. ఆ రోజు మీరన్నదే నిజమైంది అన్నాడు.

"నా మాట నిజం కాకపోయి ఉంటేనే బాగుండేది," అంది ఆవిడ, మోకాలికి తైలం రాసుకుంటూ. "గంటన్నర కూర్చోడానికి నా ఇంట్లో చోటుంది. అడగడానికే నీకు నోరు రాలేదు."

నోరు రాలేదనే ఒప్పుకున్నాడు. మర్నాడు పనికి సెలవు పెట్టి పొయ్యి బాగుచేయించాడు, తాళంకప్ప తీసి పారేశాడు. పిల్లలు స్కూలు నుంచి నేరుగా కుట్టమ్మమ్మ ఇంటికి పోవడం మొదలైంది. ఆవిడ పగలంతా మిషను ముందే ఉంటుంది కాబట్టి, రాత్రి వంట ఆవిడకి కూడా కలిపి ఇతనే వండేవాడు. ఉప్పు ఎక్కువైందని ఆవిడ నిర్మొహమాటంగా చెప్పేది.

పెద్దది మాత్రం వంటింటి గడప తొక్కడం మానేసింది. మంచినీళ్ళు కావాలన్నా తమ్ముణ్ణి పంపేది. అతను బలవంతపెట్టలేదు. నెల దాటాక ఒక సాయంత్రం బియ్యం కడుగుతుంటే వచ్చి గడపలో నిలబడింది.

"నీళ్ళు ఎన్ని పొయ్యాలి నాన్నా? ఆ రోజు ఎక్కువ పోశానా?"

"నువ్వు సరిగ్గానే పోశావు. మూత తియ్యలేదు, అందుకే పొంగింది," అని స్టూలు జరిపాడు.

ఆ పిల్ల ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి స్టూలెక్కింది. అతను మూత తీసి పక్కన పెట్టి, పొయ్యి వెలిగించి, మంట ఎలా తగ్గించాలో చూపించాడు. అన్నం ఉడికినంతసేపూ ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.