రెండో భాగంలో వెల్డరు పిల్ల

చూపు పోయినందుకు మామగారు పెద్దగా ఏడవలేదు కానీ, తను ఎదురుచూసిన అంతరిక్ష నౌక నవల రెండో భాగం సరిగ్గా అప్పుడే వచ్చినందుకు మాత్రం లోకాన్నంతా తిట్టారు. ముప్పై నాలుగేళ్ళు వెల్డింగు చేసిన మనిషి. మొదటి భాగంలో, పగిలిన నౌకకి అతుకు వేయడానికి బయటికెళ్ళిన వెల్డరు పిల్ల అక్కడే చిక్కుకుపోయింది. రెండో భాగంలో ఆమె తిరిగొస్తుందని ఆయన నమ్మకం.

చదివి వినిపించే పని కోడలి నెత్తిన పడింది. రోజంతా రెడీమేడ్ బట్టల కొట్లో అంచులు కుట్టి ఆమె ఇల్లు చేరగానే, "పుస్తకం తియ్యమ్మా" అనేవారు. అంతకుముందు పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఆమెతో అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో సగం కూరలో ఉప్పు గురించి.

రచయిత మాత్రం ఆ పిల్ల ఊసే ఎత్తలేదు. నూట యాభై పేజీల పాటు గ్రహాల పెద్దలు సభ పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు దులిపేసుకోవడమే. "వెల్డరు పిల్ల వచ్చిందా?" అని మామగారు రోజూ అడిగేవారు. ఒకరోజు కోడలు జాలేసి, "వచ్చింది మామయ్యగారూ" అనేసింది.

అన్నాక రప్పించాలి కదా. పేజీలు తిప్పుతూ లేని కథ చదివింది. ఆ పిల్ల ఒక పాడుబడ్డ నౌకలో తలదాచుకుని ఒంటరిగా దాన్ని బాగుచేస్తోంది. నిప్పురవ్వలు పడి చొక్కా చేతుల నిండా ఆవగింజంత చిల్లులు. రోజుకో చిల్లు కుట్టుకుంటూ, ఆ కుట్లతోనే రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆ చిల్లులు మామగారి చొక్కాలవే. ఇన్నేళ్ళూ కుట్టింది ఆమే.

"చూడందే ఇలా రాయలేడు! వీడు ఎప్పుడో వెల్డింగు హోల్డరు పట్టినవాడేనమ్మా!" అన్నారాయన.

కోడలికి పట్టరానంత ఆనందం కలిగింది. అప్పట్నుంచి కొట్లో చేతులు అంచులు కుడుతుంటే, బుర్ర సాయంత్రం కథ కుట్టేది. రోజు మొత్తంలో ఆమెదంటూ ఉన్నది ఆ ఒక్క గంటే.

పుస్తకం ముప్పాతిక అయ్యేసరికి మామగారు ఆగలేక కొడుకుని కూర్చోబెట్టి రచయితకి ఉత్తరం రాయించారు. "చూపు లేక మీ పుస్తకం చదివించుకుని వింటున్నాను. మీ సభల గోల వినలేక చచ్చాను. వెల్డరు పిల్ల భాగాలు మాత్రం బంగారం. సగం పుస్తకం చెత్తలో పారేయండి, సగం కళ్ళకద్దుకుంటాను." పొయ్యి దగ్గరున్న కోడలికి అంతా వినబడుతూనే ఉంది. వద్దని ఏ నోటితో అంటుంది?

పది రోజులకి జవాబొచ్చింది. కొడుకే పైకి చదివాడు.

"మీరు పారేయమన్న సగం నేను రాసిందే. మెచ్చుకున్న సగం నా పుస్తకంలో లేదు. ఆ అమ్మాయి మొదటి భాగంలోనే చనిపోయింది. ఆ కథ ఎవరు చెప్పారో గానీ, వారికి నా నమస్కారం."

కోడలు గుమ్మంలో నిలబడి మామగారి మొహం వంకే చూసింది. ఒక్క మాట అంటారేమోనని ఆశ.

"గుడ్డివాడు దొరికాడని ఆడుకున్నావా?" అన్నారాయన. "అంచులు కుట్టుకునేదానివి, నీకెందుకమ్మా ఈ తెలివితేటలు? రేపట్నుంచి వాడు చదువుతాడు. ఉన్నది ఉన్నట్టు."

నమస్కారం సంగతి ఎవరూ ఎత్తలేదు. మొగుడు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినందుకు కాదు, ఆ గంట పోయినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

మూడు రోజులు కొడుకు ఆవలిస్తూ సభలు చదివాడు. నాలుగో రోజు మామగారు వంటింటి వైపు తల తిప్పారు.

"అమ్మాయ్, ఇంతకీ ఆ పిల్ల నౌక పైకి లేచిందా?"

లేచింది. ఎలా లేచిందో, లేచేముందు ఆ పిల్ల చివరి కుట్టు ఎక్కడ వేసిందో అంతా ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఆ పిల్ల మొదటి భాగంలోనే చచ్చిపోయింది మామయ్యగారూ," అంది గిన్నె తోముతూ. "పుస్తకంలో ఉన్నది అదే."

కొడుకు పేజీ తిప్పాడు.