ఇంటి ముంగట జాగ

ఇది కుండీలో బతుకుతుందా అండీ, అని మళ్ళీ అదే అడిగింది మంగతాయారు, కనకాంబరం దగ్గరా అదే, బంతి దగ్గరా అదే, ఇప్పుడు నందివర్ధనం దగ్గరా అదే, మొక్కలు కొనడానికి వచ్చిన మనిషి పూలెప్పుడు పూస్తాయని అడగాలి గాని కుండీలో ఉంటుందా లేదా అని ఈ గోలేమిటో, అనుకున్నాడు తిరుపతి, రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని, నర్సరీలో తడి ఎర్రమట్టి చెప్పులకు అంటుకుంటుంటే, ఆదివారం పొద్దున కూడా ఉప్పల్ రోడ్డు మీద బస్సుల మోత ఆగలేదు, ఎండ ఇంకా ముదరలేదు, ఎక్కడి నుంచో వేపపూత వాసన, ఉగాది దగ్గరికొచ్చేసింది, పోయిన ఉగాదికి తనొక్కడే పచ్చడి కలుపుకుని తనొక్కడే తిని, చేదెక్కువైందని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేక డ్యూటీకి పోయాడు, ఈసారి ఇంట్లో మనిషి ఉంది, ఉందంటే ఉంది, కానీ ఉంటుందా, అదీ అసలు సంగతి, యాభైకి దగ్గరపడ్డవాడు పెళ్ళాం ఉంటుందా పోతుందా అని మొక్కల మధ్య నిలబడి తర్జనభర్జన పడుతున్నాడంటే ఎవరైనా నవ్వుతారు, నవ్వితే నవ్వనీ.

దసరా వెళ్ళాక పెళ్ళి, గుట్ట మీద గుళ్ళో రెండు దండలు, వేళ్ళ మీద లెక్కపెట్టే చుట్టాలు, అంతా అక్క వెంకటనర్సమ్మ కుదిర్చిందే, స్వర్ణలత పోయి ఆరేండ్లాయె, ఇంకెన్ని దినాలు హోటల్ బువ్వ తింటవురా అని ఒకటే పోరు, ఈమెదేమో మండపేట దగ్గర పల్లె, రామంతాపూర్‌లో చిన్న బడిలో పంతులమ్మ, మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ పెళ్ళి వయసు దాటించుకుంది, తల్లి పోయాక ఒక్క గదిలో ఒక్కతే ఉండేది, మాట మెత్తన, అండీ అనకుండా కుక్కను కూడా అదిలించదు, వంట పేరు పెట్టడానికి లేదు, అన్నీ బాగానే ఉన్నాయి, కానీ పెట్టె ఇప్పటికీ మంచం కిందే ఉంది, బట్టలు అందులోంచే తీస్తుంది, ఉతికి మడిచి మళ్ళీ అందులోనే పెడుతుంది, రైలు కోసం చూసే మనిషిలాగా, ఇప్పుడు ఈ కుండీలు, కుండీ అంటే ఏమిటి, కావాలనుకున్న రోజు చంకన పెట్టుకుని ఆటో ఎక్కగలిగేది.

మొన్ననే కడియం లారీ దిగిందమ్మా, అన్నీ గాడికెల్లి వచ్చిన మొక్కలే, అంటోంది నర్సరీ సత్తమ్మ, గొట్టంతో నీళ్ళు చల్లుతూ, కడియమా, అది మా ఊరికి పక్కనేనండీ, అని మంగతాయారు ముఖం ఒక్కసారిగా విప్పారింది, అయితే నీ సుట్టాలేనన్నట్టు, జర మంచిగ సూసుకో, అని సత్తమ్మ నవ్వింది, ఆమె కూడా నవ్వింది, ఈ నవ్వు ఇంట్లో ఎప్పుడూ చూడలేదే అనుకున్నాడు తిరుపతి, ఇంట్లో నవ్వదని కాదు, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, ఎవరో పడుకున్న ఇంట్లో నవ్వినట్టు, ఇంతలో ఆమె ఒక మొక్క ముందు ఆగిపోయింది, మోకాలెత్తు కూడా లేదు, గరుకు ఆకులు, ఆకును రెండు వేళ్ళ మధ్య పెట్టి నిమిరింది, గది పారిజాతం బిడ్డా, భూమిల పెట్టేది, కుండిల పెడితే గిడసబారుతది, మీ ఇంటి ముంగట జాగ లేదా, అంది సత్తమ్మ, ఉందండీ, అయినా వద్దులెండి, అని ఆ మొక్కను ఉన్నచోటే సర్ది వదిలేసింది, వదిలేసి ఒకసారి వెనక్కి చూసింది, ఆ చూపు తిరుపతి కంటపడింది, జాగ ఉంది, ఇష్టమూ ఉంది, అయినా వద్దట, ఇంకా అర్థం కాకపోతే తనంత మొద్దు ఉండడు, నేలలో పెడితే పెకలించుకుపోలేరు కాబట్టి వద్దు.

షేర్ ఆటోలో ఒళ్ళో నందివర్ధనం, కాళ్ళ మధ్య కనకాంబరాలు, ఆమె ప్రతి గుంతకూ మొక్కల మీద చెయ్యి అడ్డం పెడుతోంది, అడిగేస్తే పోలా, నీకు నా దగ్గర మంచిగనిపిస్తలేదా అని, అడిగితే అదేం లేదండీ అంటుంది, అండీ అనే మనిషి దగ్గర నిజం ఎట్లా రాబట్టడం, స్వర్ణలతయితే ఇట్లాంటి ఇబ్బందే ఉండేది కాదు, కోపమొస్తే గిన్నెలు మాట్లాడేవి, నాచారం గల్లీ మొదట్లో దిగి, సంచులు మోసుకుని, గేటు తీసి, మెట్లకూ ప్రహరీకీ మధ్య మనిషి పడుకుంటే సరిపోయేంత ఆ నేల పక్క నుంచే ఇద్దరూ నడిచి లోపలికి వచ్చారు, ఆమె కొంగు కూడా అటు తగలకుండా వచ్చింది.

నీళ్ళు తాగి వచ్చేసరికి ముందుగదిలో ఆమె నందివర్ధనాన్ని స్వర్ణలత ఫోటో కింద పెట్టి నిలబడి ఉంది, దండం పెడుతున్నట్టూ ఉంది, చూపిస్తున్నట్టూ ఉంది, కొత్త చీర కొంటే ముందు పోయినామెకు పెట్టి తరువాత కట్టుకోవాలని అక్క పెళ్ళిరోజే చెప్పింది, గాజులకూ అంతేనంది, అది ఆచారం, రెండో భార్యగా వచ్చిన వాళ్ళందరూ చేసేదే, కానీ మొక్కలు కూడానా, గివి గూడ సూపియ్యాల్నా తాయారూ, అన్నాడు నవ్వులాటకి, ఆమె నవ్వలేదు, ఇంట్లోకి కొత్తది ఏదొచ్చినా ముందు ఆవిడకేనని వదినగారు చెప్పారు కదండీ, ఆవిడ ఇల్లు, అడక్కుండా ఎలా పెట్టేస్తాం, అంది, ఎంత మామూలుగా అందంటే, ఇంటి ఓనరు గురించి చెబుతున్నట్టు అంది, మరి ముంగట జాగల ఎందుకు పెట్టవు, నీకు గా పారిజాతం మనసైంది, నేను సూసిన, అన్నాడు, దానికి ఆమె మొక్క ఆకులు సవరిస్తూ, మీరే కదండీ అన్నారు, వచ్చిన కొత్తలో అక్కడ గడ్డి పీకబోతే, గాడ ముట్టకు, గది స్వర్ణ జాగ అని, అంది, నిష్ఠూరంగా కాదు, ఆ మాటను ఇన్నాళ్ళూ భద్రంగా దాచిపెట్టి ఇప్పుడు అప్పజెప్పినట్టు.

అన్నాడా, అన్నాడు, అవును, చాయ్ తాగుతూ, పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా, ఆ మాట అని పేజీ తిప్పేశాడు, అతనికి అక్కడితో అయిపోయింది, ఆమెకు అది ఇంటి కట్టుబాటైపోయింది, గేటు దగ్గర కొంగు ఒదిగించుకోవడం, బీరువాలో స్వర్ణ చీరలుంటే పక్కకు జరపమని అడగలేక పెట్టెలోనే మడుచుకోవడం, ఎవరింట్లోనో లాగా మెల్లగా నవ్వడం, అన్నీ ఆ ఒక్క మాట వల్లే, ఇంతకీ తను కాపాడిన ఆ జాగలో ఏముందయ్యా అంటే వయ్యారిభామ కలుపు, విరిగిన ఇటుకలు, గట్టిపడిన సిమెంటు బస్తా, తుప్పు పట్టిన సైకిలు చక్రం, స్వర్ణలత బతికుండి ఇది చూస్తే, ఏందయ్యా నీ యవ్వారం, నా పేరు మీద గడ్డి పెంచుతున్నవా అని నడుం మీద చేతులు పెట్టుకునేది, పిడికెడు మట్టి కనిపిస్తే ఏదో ఒకటి గుచ్చే మనిషి, అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ గోడ మీద నుంచి కొమ్మలు విరిచి ఇచ్చే మనిషి, జాగ నాది అని ఆమె ఏనాడూ అనలేదు, ఆ మాట ఆమె నోట పెట్టింది తనే, దుఃఖం ఉంది, లేదని కాదు, కానీ దాన్ని మోసే పని మాత్రం పాపం ఈమెకు అప్పగించి తను హాయిగా పేపరు చదువుకున్నాడు, తలుచుకుంటే సిగ్గేసింది, ఈమె మీద జాలి కాదు, ఏదో గుండె నిండా ప్రేమ లాంటిది కమ్ముకొచ్చింది.

వెనక దొడ్లోంచి గడ్డపార తెచ్చి, ఇటుకలు ఒక్కొక్కటే తీసి గోడవతల పెట్టి, నేల మీద ఒక పోటు పొడిచాడు, అరంగుళం కూడా దిగలేదు, నీళ్ళు తేనా అండీ, మెత్తబడుతుంది, అంది ఆమె మెట్టు మీద నుంచే, నీళ్ళు తర్వాత, ముందు నువ్వు కిందికి దిగు తాయారూ, నీ పారిజాతానికి యాడ తవ్వాల్నో నువ్వే సెప్పాలె, నాకేం తెలుసు, అన్నాడు, ఆమె ఫోటో ఉన్న గది వైపు ఒకసారి చూసింది, ఆమెను గాదు, నన్ను అడుగు, నేను ఉన్న కద, అన్నాడు, మంగతాయారు చెప్పులు విడిచి మెల్లగా ఒక పాదం ఆ మట్టి మీద పెట్టింది, తరువాత రెండోది, పైటచెంగు నడుముకు దోపుకుని ఇక్కడండీ అని కాలి బొటనవేలితో ఒకచోట గీత గీసింది, అప్పుడు తిరుపతికి తెలిసింది, ఇన్ని నెలలూ ఆమె వెళ్ళిపోతుందేమోనని భయపడుతూ కూర్చున్నాడు గాని ఆమె ఈ ఇంటికి ఇంకా రానేలేదు, రమ్మని తను పిలవనేలేదు.